వియ్యంకుడి వాకిట్లో చారల కేకు

బాలయ్య ఆ షరతు ఫోన్లో పెట్టాడు. నలుగురూ వినాలని స్పీకర్ వేయించి మరీ పెట్టాడు.

"పిల్లగాని పుట్టినరోజు శనివారం వచ్చింది. కేకులు చేస్తున్నవంట గద మేస్త్రీ, నువ్వే చేసుకొని రా. గద్వాలల మా సీడు ఆర్గనైజర్ ఇంట్ల చూసిన. కోస్తే లోపల ఒక తెల్ల చార, ఒక నల్ల చార. రెండు రుచులు, కేకు ఒక్కటే. గట్లాంటిది గావాలె. గుడ్డు పడొద్దు, శ్రావణం. గట్ల తెస్తే నీ బిడ్డను వడిబియ్యానికి తోలుత. లేకుంటే ఆ మాటే ఎత్తొద్దు."

పాన్‌గల్ దగ్గరి తన ఊళ్లో, ఇంటి అరుగు మీద కూర్చున్న వెంకట్రాములు "సరే బావా" అన్నాడు. అవతల అప్పటికే ఫోన్ పెట్టేశారు.

"చేస్తవని అడుగుతలేడు," అంది పక్కనే చాటలో పప్పు చెరుగుతున్న పుష్పమ్మ. "చెయ్యలేక ఊకుంటవని అడుగుతుండు."

"తెలుసు."

"తెలిసి సరే అంటివా?"

"కాదంటే తోలుతడా?"

పుష్పమ్మ పప్పులోంచి రాయి ఏరి పారేసింది. వాళ్ల బిడ్డ ఉమకు పెళ్లయి ఇది మూడో ఏడు. బేసి ఏడులోనే పుట్టింటివాళ్లు బిడ్డ కొంగులో వడిబియ్యం పోయాలి. దసరా దాటితే నాలుగో ఏడు పడుతుంది, సరి ఏట పోయరు. మూడో ఏటి బియ్యం పోయని ఆడపిల్లకు వెనక ఎవరూ లేరని ఊరు అనుకుంటుంది, అత్తగారిల్లు ముందుగా అనుకుంటుంది. కాన్పయ్యాక నెలల పిల్లవాడిని ఎత్తుకుని ఇటిక్యాల వెళ్లిన ఉమ మళ్లీ పుట్టింటికి రాలేదు. బాలయ్య పంపలేదు.

వియ్యంకుల మధ్య గొడవ గోడ దగ్గర మొదలైంది. ఇటిక్యాలలో బాలయ్య కొత్త ఇల్లు కట్టినప్పుడు లోపలా బయటా ప్లాస్టరింగ్ వెంకట్రాములే చేశాడు. ఎండాకాలం. చేసిన గోడకు పూటపూటకూ నీళ్లు కొట్టమని చెప్పి వెళ్లాడు. బాలయ్య బోరు నీళ్లను మిరప చేనుకు తిప్పుకున్నాడు. గోడలు నెర్రెలిచ్చాయి. సిమెంటు తక్కువ, ఇసుక ఎక్కువ కలిపాడని బాలయ్య ఊరంతా చెప్పాడు. నీళ్లు కొట్టలేదని వెంకట్రాములు ఒక్కసారే, బాలయ్య మొహం మీదే చెప్పాడు. ఆ రోజు నుంచి బాలయ్యకు అతను బావ కాకుండా పోయాడు, మేస్త్రీ అయ్యాడు.

గోడ ఒక్కటే అయితే ఎప్పుడో ఒకప్పుడు చల్లారేది. బాలయ్య విత్తన కంపెనీ ఆర్గనైజర్ కింద సీడు పత్తి పండిస్తాడు. శ్రావణం వచ్చేసరికి చేలో క్రాసింగు మొదలవుతుంది. పొద్దున్నే పూలు విప్పుకోగానే ఒక్కొక్క ఆడపువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి. మొగ్గ విరగకుండా గబగబా చేసే వేళ్లు కావాలి. ఉమ వేళ్లు అలాంటివి. వాటిని ఆ నెలలో వదులుకోవడం బాలయ్యకు ఇష్టం లేదు. ఆ సంగతి నోటితో చెప్పడు, గోడ సంగతి చెబుతాడు.

వెంకట్రాముల వేళ్లదీ అదే తీరు. మీసాలు రాని వయసులో కూలీల గుంపుతో కలిసి పుణె వెళ్లి, తట్టలు మోశాడు. పని ఎవరూ నేర్పలేదు. మేస్త్రీలు మధ్యాహ్నం అన్నానికి దిగినప్పుడు వాళ్ల తాపీ తీసుకుని, గోడ మూలల్లో చేయి తిప్పి చూసుకునేవాడు. వాళ్లు తిట్టి, అతను పూసింది గీకేసి మళ్లీ పూసేవాళ్లు. కొన్నాళ్లకు గీకడం మానేశారు. అలా మేస్త్రీ అయ్యాడు. ఊరికి తిరిగి వచ్చాక కూడా అదే పని. ఒకనాడు వనపర్తిలో గోడకు కట్టిన కట్టెల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ కట్టెలెక్కే కాలు మాత్రం పోయింది.

కాన్పుకు వచ్చిన ఉమ, ఫోన్లో చూసి కుక్కర్లో కేకు చేయబోయి మాడ్చింది. మాడిన దాన్ని వెంకట్రాములు విరిచి చూశాడు. అడుగు బొగ్గు, నడుమ పచ్చి పిండి. "సెగ కిందికెల్లే వస్తుంది. ఇసుక పోసి దాని మీద పెట్టాలె," అన్నాడు. మర్నాడు తనే చేశాడు. అది ఇటుకలా వచ్చింది. దాన్నీ విరిచి చూశాడు. తర్వాత వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. మాట వినపడకుండా చేసి, చేతులు మాత్రం చూసేవాడు. "వీడు మాట్లాడుతుంటె చెయ్యి కనబడ్తలేదు," అనేవాడు. అరుగు మీది మగవాళ్లు నవ్వారు. మేస్త్రీ కొంగు కట్టుకున్నాడన్నారు. ఆ నవ్వినవాళ్ల పిల్లలకే ఇప్పుడు పుట్టినరోజు కేకు అతని ఇంటి నుంచి వెళుతుంది.

శనివారం పొద్దున్నే చారల కేకు చేశాడు. పైన తెల్లని క్రీము పూసి, దానికని విడిగా పెట్టుకున్న చిన్న తాపీతో అద్దంలా చదును చేశాడు. అంచున పూలు తీశాడు. అట్టపెట్టెలో పెట్టి, పుష్పమ్మ ఒళ్లో పట్టుకుంటే, బస్సులు మారి, బీచుపల్లి వంతెన దాటి మధ్యాహ్నానికి ఇటిక్యాల చేరారు.

వియ్యపురాలు తిమ్మమ్మ కాళ్లకు నీళ్లు పెట్టింది. రమ్మని మాత్రం అనలేదు. ఉమ లోపలి నుంచి పిల్లవాడిని ఎత్తుకుని వచ్చి గుంజ దగ్గర నిలబడింది. కొత్త మొహాలు చూసి పిల్లవాడు ఏడుపందుకున్నాడు. అమ్మమ్మ తాతలే వాడికి కొత్త మొహాలు.

"గుర్తువడ్తలేడు," అంది పుష్పమ్మ.

"చూస్తే గద గుర్తువట్టేది," అంది తిమ్మమ్మ.

"చూడనిస్తే గద వదినా చూసేది."

బాలయ్య మంచం మీంచి లేవలేదు. "పెట్టె విప్పండి," అన్నాడు.

విప్పారు. ఉమ భర్త శ్రవణ్ కుమార్ వంగి చూసి, "మస్తున్నది మామా," అన్నాడు. తండ్రి అతని వైపు చూశాడు. శ్రవణ్ వెనక్కి జరిగాడు.

"పైన తెల్లగ పూసినవ్," అన్నాడు బాలయ్య. "లోపల ఏమున్నదో ఎవడు చూసిండు?"

"కోస్తే కనబడ్తది. తెలుపు, నలుపు," అన్నాడు వెంకట్రాములు.

"చారలు కనబడ్తయి. గుడ్డు కనబడ్తదా?"

"గుడ్డు లేదు."

"నువ్వంటవ్. పూత కింద ఏముంటదో నీ పనిల నేను ఒకసారి చూసిన." బాలయ్య ముక్కు ఎగబీల్చాడు. "నాకైతే నీసు వాసన వస్తుంది."

"నా మనుమడి మీద ఒట్టు, గుడ్డు ముట్టలేదు," అంది పుష్పమ్మ.

"పిల్లగాని మీద ఒట్లు పెట్టకు, నీకు పుణ్యముంటది," అంది తిమ్మమ్మ. ఆమె మాటలో ఎగతాళి లేదు, భయం ఉంది. శ్రావణ శనివారాలు ఆమెకు ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టాక ఒక్కసారి తింటుంది. పెళ్లయిన నాటి నుంచి ఆ నియమం తప్పలేదు. "నాకు సుత అనుమానంగనే ఉన్నది అన్నా. నేను ముట్ట. దేవుని ముందర పెట్టనియ్య."

"ఇగ అయిపోయె," అన్నాడు బాలయ్య. "షరతు తప్పింది. అన్నం తిని పోండి."

వెంకట్రాములు కేకు పెట్టెను పక్కకు జరిపాడు. గుడ్డు లేదని ఎంతసేపు చెప్పినా అది మాటే అవుతుంది.

"వదినా," అన్నాడు, "దీపం పెట్టేదానికి ఇంక పొద్దున్నది. మీ వాకిట్ల, మీ కండ్ల ముందల, మీ సామానుతోని చేస్త. పైన ఏం పుయ్య. గది ముడతవా?"

తిమ్మమ్మ భర్త వైపు చూడలేదు. "నేను దగ్గర కూసుంట," అంది. "గుడ్డు కేకులు కాల్చిన నీ టిన్ను మాత్రం మా పొయ్యెక్కొద్దు."

"ఎక్కదు."

"వాకిట్ల పొగ చేస్తవా?" అన్నాడు బాలయ్య.

"గ్యాసు పొయ్యి తెస్తం," అంది తిమ్మమ్మ. "నీ మంచానికేం మంట తలగదులే."

శ్రవణ్ ఎర్రవల్లి చౌరస్తా దాకా బండి మీద వెళ్లి మైదా, కోకో పొడి, వంట సోడా, బేకింగ్ పౌడరు, వెనీలా ఎసెన్సు తెచ్చాడు. ఏ పొట్లమూ విప్పి లేదని తిమ్మమ్మ తిప్పి తిప్పి చూసింది. పెరుగు, పాలు, నూనె, చక్కెర ఆమె ఇంట్లోవే. బియ్యం వండే పెద్ద బగోనె, నిటారు అంచులున్న ఒక సత్తు గిన్నె తనే చింతపండు వేసి తోమి ఇచ్చింది. కోళ్లను గంప కింద మూసి, ఆ గంపను దొడ్లోకి మోయించింది.

ఇసుకకు మాత్రం వెతుక్కోవాల్సిన పని పడలేదు. ఇల్లు కట్టగా మిగిలిన కుప్ప వాకిటి పక్కనే ఉంది. వెంకట్రాములు అందులోంచి గుప్పెడు తీసి అరచేతిలో రుద్ది, జల్లెడ పట్టి, బగోనెలో పోశాడు. దాని మీద ఇనుప రింగు పెట్టి, మూత వేసి, పొయ్యి వెలిగించాడు.

"గదే ఇసుక," అన్నాడు బాలయ్య మంచం మీంచి. "నా గోడలల్ల నింపినవ్ గద. మిగిలింది కేకుల కలిపెయ్."

"కేకు కిందనే ఉంటది బావా. కలువదు."

"నన్ను బావ అనకు."

ఇంతలో ఎండ పెట్టె మీదికి వచ్చి క్రీము పూలు వాలిపోతున్నాయి. పుష్పమ్మ చూసి చూసి, లేచి, కత్తి తీసుకుని, మొదటి కేకును వీధిలోకి పట్టుకుపోయింది. ఆడుకుంటున్న పిల్లలను పిలిచి తలా ఒక ముక్క పెట్టింది. "తిను బిడ్డా. ఎవరికన్న గుడ్డు దొరికితే మా వియ్యంకునికి తెచ్చియ్యి, చూస్తందుకు కూసున్నడు," అంది, అరుగుల మీది ఆడవాళ్లందరికీ వినపడేలా. బాలయ్య తుండుగుడ్డ దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

వెంకట్రాములు పెరుగులో చక్కెర పొడి కలిపి, సోడా వేశాడు. అది నురగెత్తి పొంగింది. తిమ్మమ్మ వంగి చూసింది. నూనె పోసి కలిపాడు. మైదా రెండుసార్లు జల్లించి, కొంచెం కొంచెంగా వేస్తూ ఒకే వైపుకు తిప్పాడు. పిండిని రెండు గిన్నెల్లో సగం సగం పోశాడు. ఒక దాంట్లో వెనీలా, ఇంకో దాంట్లో కోకో. కోకో పడిన పిండి వెంటనే బిగుసుకుంది. దాంట్లో ఒక్కో చెంచా పాలు పోస్తూ గరిటె ఎత్తి ధార చూశాడు. తెల్లపిండి ధార చూశాడు. మళ్లీ నల్లదాంట్లో ఒక చెంచా పోశాడు.

"ఎందుకన్నా గన్నిసార్లు?" అంది తిమ్మమ్మ. ఆమె కుతూహలాన్ని దాచుకోలేకపోయింది.

"రెండు ఒక్కతీరు జారాలె వదినా. ఒకటి గట్టిగుంటె రెండోదాన్ని తొక్కేస్తది. చార నిలువదు."

"విను, విను," అన్నాడు బాలయ్య. "మాటలు గూడ బాగ నేర్చిండు."

వెంకట్రాములు గరిటె మళ్లీ అందుకున్నాడు. నూనె రాసిన సత్తు గిన్నె నడుమ ఒక గరిటె తెల్లపిండి వేశాడు. సరిగ్గా దాని నడిమిలో నల్లపిండి. దాని నడుమ మళ్లీ తెలుపు. పైనుంచి పడే ప్రతి గరిటె కిందిదాన్ని అంచుకు నెట్టింది. గిన్నెను కదిలించలేదు, తట్టలేదు. పిండి తనంతట తానే జరిగి వలయాలు వలయాలుగా విచ్చుకుంది. చివరకు చీపురు పుల్ల కడిగి, నడుమ నుంచి అంచుకు ఒక గీత, అంచు నుంచి నడుమకు ఒక గీత లాగాడు. చారలు వంగి రేకులయ్యాయి. ఉమ పిల్లవాడిని చంకన వేసుకుని దగ్గరకు వచ్చింది.

"పువ్వు నాయినా," అంది మెల్లగా.

"జర దూరముండు బిడ్డా, సెగ," అన్నాడు. ఆ మధ్యాహ్నం తండ్రీ బిడ్డా మాట్లాడుకున్నది అప్పటికి అంతే.

సోడా పడిన పిండి ఆగదు. గిన్నెను వేడెక్కిన బగోనెలో రింగు మీద దించి, మూత పెట్టి, ఆవిరి పోకుండా తడి గుడ్డ చుట్టాడు. మంట తగ్గించి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. సత్తు గిన్నె అతనికి కొత్త. తన టిన్ను కన్నా దళసరి. ఎప్పుడు ఉడుకుతుందో వాసన పట్టే తెలుసుకోవాలి.

కాసేపటికి తీపి వాసన వాకిలంతా వచ్చింది. శ్రవణ్ వచ్చి నిలబడ్డాడు. గోడ మీంచి పక్కింటివాళ్లు చూస్తున్నారు. బాలయ్య మంచం దిగాడు.

"మూత తియ్యి."

"ఇప్పుడే వద్దు. నడుమ ఇంక పచ్చిగుంటది. గాలి తగిలితే కుంగుతది."

"నా ఇంట్ల, నా బగోనెల ఏం ఉడుకుతుందో నేను చూడొద్దా?"

"జరసేపు ఆగితే నేనే చూపెడ్త."

"చూడొద్దంటున్నడంటే ఏమో ఉన్నది," అని బాలయ్య పక్కింటివాళ్ల వైపు తిరిగి చెప్పాడు. తర్వాత తుండుగుడ్డ చేతికి చుట్టుకుని, వంగి, మూత ఎత్తాడు.

ఆవిరి ఒక్కసారిగా పైకి లేచింది. ఉబ్బి నిలిచిన పువ్వు అందరూ చూస్తుండగా నడుమ నుంచి మెల్లగా దిగిపోయింది. అంచు రేకులు పైనే ఉన్నాయి. నడుమ అరచేయంత గుంత పడింది.

వెంకట్రాములు పీట మీంచి లేచాడు. వియ్యంకుడి చేతిలోంచి మూత తీసుకుని, బగోనె మీద పెట్టి, గుడ్డ మళ్లీ చుట్టాడు. మంట కొంచెం పెంచాడు. మళ్లీ పీట మీద కూర్చున్నాడు.

"చేసేది నేర్వలే, నా మీద గుస్స," అన్నాడు బాలయ్య. మంచం దాకా వెళ్లి కూర్చోకుండా నిలబడ్డాడు.

ఉడికింది. చీపురు పుల్ల గుచ్చితే ఏమీ అంటకుండా వచ్చింది. గిన్నెను దించి నీడలో పెట్టి, అది చేతికి చల్లగా తగిలేదాకా కదిలించనివ్వలేదు. బాలయ్య రెండుసార్లు గొణిగాడు. పుష్పమ్మ భర్త చెవి దగ్గర వంగింది.

"బోర్లేసి పెట్టు. అడుగు చదునుగుంటది. గుంత కనబడదు."

"పువ్వు గూడ కనబడదు."

"మనం వెంట తెచ్చిన డబ్బల క్రీము మిగిలింది. గుంతల నింపుత."

"ఏం నింపొద్దు," అన్నాడు. "పైన ఏం పుయ్యనని చెప్పిన. మూత ఎవరు తీసిన్రో ఊరు చూసింది. గుంతను గూడ చూడనీ."

అంచు చుట్టూ కత్తి తిప్పి, కేకును చేతి మీదికి బోర్లించి, మళ్లీ పళ్లెంలోకి వెల్లకిలా దించాడు. గుంత పైకే ఉంది. వాకిట్లో స్టూలు మీద పెట్టారు. ఉమ పిల్లవాడి చేతిని తన చేతిలో పట్టుకుని కత్తి దించింది. ముక్క పక్కకు వాలింది. తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, అంచు నుంచి లోపలికి వెంట్రుక మందం కూడా ఒకదాన్లోకి ఒకటి పోకుండా నిలిచి ఉన్నాయి. నడుమ దగ్గర ఆ చారలే కిందికి వంగాయి గానీ కలిసిపోలేదు.

గోడ మీంచి ఎవరో, "మల్ల మంచిగనే వచ్చింది గద," అన్నారు.

"ఏడ మంచిగ?" అన్నాడు బాలయ్య. "నడుమ గుంత పడ్డది. గుంత పడ్డ కేకు నేను చెప్పలే. మేస్త్రీ, షరతు తప్పినవ్."

ఉమ కత్తి కింద పెట్టింది. ఆ ఇంట్లో మామగారి మాటకు ఆమె ఎదురు చెప్పడం అంతవరకు ఎవరూ వినలేదు.

"మామా, తెల్ల చార, నల్ల చార అన్నరు. గుడ్డు వద్దన్నరు. స్పీకర్ వెట్టి చెప్పిన్రు, నేను పక్కన్నే ఉన్న. గుంత మాట చెప్పలే."

"నోరు లేస్తుందే. అమ్మ నాయిన రాంగనే లేసిందా?"

"ఎవరు రాకున్న గిదే మాట చెప్పేదాన్ని."

శ్రవణ్ అంతసేపూ నేల చూస్తున్నాడు. "నువ్వట్లనే అన్నవ్ నాయినా," అన్నాడు తల ఎత్తకుండా.

బాలయ్య కొడుకును కొట్టేలా చూశాడు. తిమ్మమ్మ ఆ మాటలేవీ విననట్టు ఒక ముక్క చిన్న ఇత్తడి పళ్లెంలో పెట్టుకుని లోపలికి పోయింది. దీపం వెలిగించి, ఆ ముక్కను దేవుడి ముందు పెట్టి మొక్కుకుంది. అన్నం వడ్డించుకుని గడప లోపలే, అందరికీ కనపడేలా కూర్చుంది. మొదట కేకు ముక్క తుంచుకుని నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. ఇంకో ముక్క తుంచుకుంది.

వాకిట్లో అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. ఆ ఇంట్లో ఎవరి మాటకైనా రెండో మాట ఉంటుంది. తిమ్మమ్మ ఒక్కపొద్దుకు ఉండదు.

"తీపి ఎక్కువైంది," అంది. నీళ్లు తాగి, "ఉమా, పోయి బట్టలు సదురుకో. పిల్లగాని స్వెటర్ మర్శిపోకు, ముసురు పడ్తది," అంది.

"క్రాసింగు?" అన్నాడు బాలయ్య. గోడ మాట పక్కకు పోయి, అసలు మాట అలా బయటికి వచ్చింది. "రేపొద్దుగాల చేన్ల పూలెవరు చేస్తరు?"

"నీకు చేతులున్నయి గద. ఆగమంటె ఆగకుండ మూత తీసిన చేతులు."

గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. బాలయ్య చెప్పులు తొడుక్కున్నాడు, ఎక్కడికీ వెళ్లకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. కేకు ముట్టలేదు.

పొద్దున బయలుదేరమని శ్రవణ్ అన్నాడు. "పొద్దున దాక ఉంటె మాట మారుతది అల్లుడా. చివరి బస్సు ఉన్నది," అని పుష్పమ్మ సంచి భుజాన వేసుకుంది. వెంకట్రాములు బగోనెలోని ఇసుకను మళ్లీ కుప్ప మీద పోసి, బగోనె కడిగి బోర్లించాడు. వెళ్లొస్తానని తిమ్మమ్మకు చెప్పాడు. బాలయ్యకు చెప్పబోతే అతను మొహం తిప్పుకున్నాడు.

ఉమ మామగారి కాళ్లకు మొక్కింది. ఆయన దీవించలేదు. ఆమె చంకలోంచి పిల్లవాడిని తీసుకుని, టోపీ చెవుల మీదికి లాగి, చెవిలో చెప్పినట్టుగా, కానీ వాకిటి చివర ఉన్న మేస్త్రీకి వినపడేంత గట్టిగా చెప్పాడు.

"అమాస లోపల్నే రావాలె బిడ్డా. ఆ ఇంట్ల ఎవరన్న ఎత్తుకుంటె చొక్కా మీద ఉచ్చ పొయ్యి."

పిల్లవాడిని తల్లికి అందించి, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఉమనూ పిల్లవాడినీ బస్సు దాకా దించడానికి శ్రవణ్ బండి తీశాడు. వెంకట్రాములు కుంటి కాలు ఈడ్చుకుంటూ, భార్య వెనక, బస్సు దగ్గరికి నడిచాడు.